కోనసీమలో ఆగిన ఇంటర్నెట్: రాష్ట్రం చేతిలోని మీట, జనం అడగాల్సిన కాగితం

2022 మే 24 సాయంత్రం అమలాపురం తగలబడింది. అంతకు ఆరు రోజుల ముందు, మే 18న, కొత్తగా ఏర్పడిన కోనసీమ జిల్లాకు డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ పేరు జోడిస్తూ రాష్ట్ర ప్రభుత్వం ప్రాథమిక ప్రకటన ఇచ్చింది. దాన్ని వ్యతిరేకిస్తూ కలెక్టరేట్ వైపు కదిలిన ప్రదర్శన అదుపు తప్పింది. రవాణా మంత్రి పినిపే విశ్వరూప్ ఇంటికి, ముమ్మిడివరం ఎమ్మెల్యే పొన్నాడ సతీశ్ ఇంటికి నిప్పు పెట్టారు. బస్సులు కాలిపోయాయి, పోలీసులు గాయపడ్డారు. 144 సెక్షన్ పెట్టి, పొరుగు జిల్లాల నుంచి బలగాలు దింపారు. ఆ రాత్రి నుంచే మొబైల్ ఇంటర్నెట్ ఆపేశారు. కాస్త కాస్తగా పొడిగిస్తూ, తర్వాత ప్రాంతాలవారీగా సడలిస్తూ, పూర్తిగా తెరిచేసరికి సుమారు రెండు వారాలు పట్టింది.

ఆ రాత్రి ప్రభుత్వం చేతులు ముడుచుకుని కూర్చోవాల్సిందని ఎవరూ అనలేరు. రాజ్యాంగ నిర్మాత పేరు పెట్టినందుకు ప్రజాప్రతినిధుల ఇళ్లు తగలబెట్టడం ఏ కొలతతో చూసినా ఘోరం. తేల్చాల్సిన ప్రశ్న అది కాదు. ఇంటర్నెట్ ఆపడం వల్ల శాంతి తిరిగి వచ్చిందనడానికి మన దగ్గర ఉన్న ఆధారం ఎంత? దాని ఖర్చు ఎవరి మీద పడింది? ఆ నిర్ణయం చట్టం చెప్పిన దారిలో నడిచిందో లేదో మామూలు పౌరుడు ఏ కాగితం చూసి తెలుసుకోవాలి?

ముందు అధికారం సంగతి. టెలిఫోన్లు, వైర్‌లెస్, ప్రసారాలు రాజ్యాంగం ఏడో షెడ్యూల్‌లోని కేంద్ర జాబితాలో 31వ అంశం. శాంతిభద్రతలు, పోలీసు రాష్ట్ర జాబితాలో మొదటి రెండు అంశాలు. ఈ రెంటికీ మధ్య ఉన్న సందులోనే ఇంటర్నెట్ నిలిపివేత పుట్టింది. 2017 ఆగస్టుకు ముందు చాలాచోట్ల కలెక్టర్లే 144 సెక్షన్ కింద ఆపించేవారు. ఆ నెలలో కేంద్రం టెలికం సేవల తాత్కాలిక నిలిపివేత నిబంధనలు తెచ్చి, రాష్ట్రంలో ఆ అధికారాన్ని హోంశాఖ కార్యదర్శి చేతిలో పెట్టింది. కోనసీమ ఘటన నాటికి అమల్లో ఉన్న ఆ నిబంధనల ప్రకారం, తప్పనిసరి పరిస్థితిలో కిందిస్థాయి అధికారి ఉత్తర్వు ఇచ్చినా 24 గంటల్లో పైనుంచి ధ్రువీకరణ రావాలి. రాకపోతే ఆ ఉత్తర్వు చెల్లదు. ఉత్తర్వులో కారణాలు రాయాలి. ప్రధాన కార్యదర్శి అధ్యక్షతన ఉండే సమీక్ష కమిటీ అయిదు పనిదినాల్లో కూర్చుని, అది చట్టబద్ధమో కాదో నమోదు చేయాల్సి ఉండేది. 2020 నవంబర్‌లో చేసిన సవరణ ప్రకారం ఒక ఉత్తర్వు 15 రోజులకు మించి నిలవదు.

ఈ నిబంధనల మీద సుప్రీంకోర్టు 2020 జనవరి 10న అనురాధా భాసిన్ కేసులో ఇచ్చిన తీర్పు కశ్మీర్ గురించే అయినా కోనసీమకూ అంతే వర్తిస్తుంది. గడువు లేని నిలిపివేత చెల్లదంది. ముప్పు ఎంతో చర్య అంతే ఉండాలంది. బాధితులు కోర్టుకు వెళ్లగలిగేలా ఉత్తర్వులు బయటపెట్టాలంది. అంతగా చర్చకు రాని మాట ఇంకొకటి ఉంది: ఇంటర్నెట్ మీద చేసుకునే వ్యాపారానికి 19(1)(జి) అధికరణం రక్షణ ఉంటుందని కూడా ఆ తీర్పు తేల్చింది. అంటే అంబాజీపేట కొబ్బరి వ్యాపారి వాట్సాప్‌లో పంపే ధరకు, అమలాపురం కిరాణా కొట్టు కౌంటర్ మీద అతికించిన క్యూఆర్ కోడ్‌కు రాజ్యాంగంలో చోటు ఉంది. వాటిని ఆపాలంటే ప్రభుత్వం కారణం చెప్పి తీరాలి.

ఇక అసలు ప్రశ్న: ఆపితే అల్లర్లు తగ్గుతాయా?

వాట్సాప్ గ్రూపుల ద్వారానే జనం కూడారని పోలీసులు అప్పట్లో చెప్పారు. ఆ మాట నమ్మదగ్గదే. మే 24 నాటి స్థాయి విధ్వంసం మళ్లీ జరగలేదన్నదీ నిజమే. కానీ ఆ రోజుల్లో ఇంటర్నెట్ ఒక్కటే ఆగలేదు. నిషేధాజ్ఞలు ఉన్నాయి, ఊళ్లలో పికెట్లు ఉన్నాయి, వరసగా అరెస్టులు జరిగాయి, అన్ని పార్టీల నాయకులూ శాంతి కోరుతూ ప్రకటనలు ఇచ్చారు. ఇన్ని ఒకేసారి జరిగినప్పుడు ఫలితంలో ఏ చర్య వాటా ఎంతో విడదీసి చెప్పడం సాధ్యం కాదు. పైగా ఇంటర్నెట్ ఆగింది విధ్వంసం జరిగాక. జనాన్ని కూడగట్టిన సందేశాలు అప్పటికే తమ పని చేసేశాయి.

దేశం మొత్తం మీద ఈ విషయాన్ని లెక్కలతో పరీక్షించిన పని కొంత ఉంది. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో యాన్ రిజాక్ 2019లో వెలువరించిన అధ్యయనం 2016లో భారతదేశంలో జరిగిన నిరసనలనూ నిలిపివేతలనూ పక్కపక్కన పెట్టి చూసింది. ఇంటర్నెట్ ఆగిన చోట హింస తగ్గకపోగా పెరిగే ధోరణి కనిపించిందని, శాంతియుత నిరసనకు సమన్వయం కావాలి గనుక దానికే ఎక్కువ దెబ్బ తగిలిందని ఆయన వాదన. ఈ ఫలితాన్ని యథాతథంగా అమలాపురానికి అతికించకూడదు. అది ఒక్క ఏడాది సమాచారం. హింస ముదిరే సూచనలున్న చోటే ప్రభుత్వాలు ఇంటర్నెట్ ఆపుతాయి కాబట్టి, ఏది కారణమో ఏది ఫలితమో తిరగబడే అవకాశమూ ఉంది. అయినా ఒక మాట మాత్రం నిలుస్తుంది: నిలిపివేత పనిచేస్తుందని రుజువు చేయాల్సిన భారం దాన్ని వాడేవారిది, ఆ రుజువు ఇంతవరకు ఎవరూ చూపలేదు. 2021 డిసెంబర్‌లో పార్లమెంటు ఐటీ స్థాయీ సంఘం ఇచ్చిన నివేదిక ఇదే చెప్పింది. దేశంలో ఎక్కడెక్కడ ఎన్నిసార్లు ఇంటర్నెట్ ఆపారన్న రికార్డు టెలికం శాఖ దగ్గరా లేదు, హోంశాఖ దగ్గరా లేదని, నిలిపివేతల ప్రభావం మీద ప్రభుత్వం అధ్యయనమే చేయించలేదని ఆ సంఘం తప్పుపట్టింది. లెక్కే లేని మందును పదేపదే వాడుతున్నామన్న మాట. ప్రభుత్వం ఉంచని ఆ లెక్కను బయటి సంస్థలు ఉంచుతున్నాయి. యాక్సెస్ నౌ లెక్క ప్రకారం 2022లో ప్రపంచవ్యాప్తంగా 187 నిలిపివేతలు జరిగితే అందులో 84 మన దేశంలోవే, వాటిలో 49 జమ్మూకశ్మీర్‌లోవి. ఆంధ్రప్రదేశ్ వాటా చాలా తక్కువ. అందుకే కోనసీమ ఘటన జాతీయ చర్చలో ఒక పాదసూచికగా మిగిలిపోయింది.

ఖర్చు లెక్కించడంలోనూ ఇంతే జాగ్రత్త కావాలి. 2012 నుంచి 2017 వరకు దేశంలో 16,315 గంటలపాటు ఇంటర్నెట్ ఆగిందని, దానివల్ల సుమారు 304 కోట్ల డాలర్ల నష్టం వచ్చిందని ఇక్రియర్ సంస్థ 2018లో అంచనా వేసింది. ఇలాంటి లెక్కలు రాష్ట్ర స్థాయి ఆదాయాన్ని, ఇంటర్నెట్ వాడకాన్ని ఆధారం చేసుకుంటాయి. వాటిని వరి, కొబ్బరి, రొయ్యల మీద బతికే ఒక డెల్టా జిల్లాకు కుదించి ఇన్ని కోట్లని చెబితే అది అంకెల గారడీ అవుతుంది. కాబట్టి ఈ వ్యాసంలో కోనసీమ నష్టానికి రూపాయల మొత్తం వేయడం లేదు. ఎవరి పని ఎక్కడ ఆగుతుందో మాత్రం చూడవచ్చు.

కోనసీమ అంటే గౌతమికీ వశిష్ఠకూ సముద్రానికీ మధ్య ఉన్న భూమి. ఈ రూపమే ఆ రెండు వారాల్లో ఒక వింత దృశ్యానికి కారణమైంది. కరోనా తర్వాత ఇంటి నుంచి పనిచేస్తున్న సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు లాప్‌టాప్‌లు పట్టుకుని గోదావరి ఒడ్డుకు చేరి, అవతలి గట్టు టవర్ల సిగ్నల్ అందుకుని పనిచేసుకున్నారని అప్పటి పత్రికలు రాశాయి. ఉత్తర్వుకు జిల్లా సరిహద్దే హద్దు, సిగ్నల్‌కు ఆ హద్దు లేదు. గౌతమికి అవతల యానాం ఉంది. అది పుదుచ్చేరి పాలనలోది, అక్కడి నిర్ణయాధికారి వేరు. బండి ఉన్నవాడు, సెలవు దొరికినవాడు, ఏటిగట్టుకు దగ్గర్లో ఉన్నవాడు ఆ నిషేధాన్ని దాటగలిగాడు. మిగిలినవారు దాటలేకపోయారు. భారం సమానంగా పడలేదనడానికి ఇంతకంటే సూటి సాక్ష్యం అక్కర్లేదు.

చెల్లింపుల మాట కొంచెం వేరు. 2022 మేలో దేశమంతా కలిపి 595 కోట్ల యూపీఐ లావాదేవీలు జరిగాయి, వాటి విలువ 10.41 లక్షల కోట్ల రూపాయలు. డెల్టా పట్టణాలు ఆ అలవాటుకు అప్పటికే వచ్చేశాయి. అయితే ఆపింది డేటాను. బ్యాంకు నుంచి వచ్చే ఎస్సెమ్మెస్‌కు డేటా అక్కర్లేదు, మామూలు ఫోన్‌తో డబ్బు పంపే *99# సదుపాయం చాలా ఏళ్ల నుంచీ ఉంది, రిజర్వు బ్యాంకు 2022 మార్చిలోనే 123పే అనే కొత్త పద్ధతిని ప్రారంభించింది. కాబట్టి వ్యాపారం మొత్తం స్తంభించిందనడం అతిశయోక్తి. కానీ ఈ దారులు ఎంతమందికి తెలుసు? ఇంటర్నెట్ ఆపే అధికారి, ఆ మరుసటి రోజే డబ్బు ఎలా పంపుకోవాలో దండోరా వేయించడం తన బాధ్యతని ఏ నిబంధనా చెప్పడం లేదు. చెప్పాలి.

ప్రభుత్వమే నడిపే పనుల్లో ఈ చిక్కు ఇంకా బిగుసుకుంటుంది. ఆ రోజుల్లో రేషన్ బియ్యం బండి వీధిలోకే వచ్చేది. బండి ఆపరేటరు కార్డు నంబరు నొక్కుతాడు. ముసలామె ఈ-పాస్ యంత్రం మీద వేలు పెడుతుంది. అరిగిన వేలిముద్ర ఒకటి రెండుసార్లు తిరస్కరణకు గురవుతుంది. అటు సర్వర్ ఒప్పుకున్నాకే ఇటు కాటా మీదకి బియ్యం ఎక్కుతాయి. పింఛనూ అంతే: ఒకటో తారీఖు తెల్లవారుజామునే వాలంటీరు గుమ్మం ముందుకు వచ్చి ఫోన్‌కు తగిలించిన స్కానర్ మీద వేలు పెట్టించుకునేవాడు. 2022 జూన్ 1 సరిగ్గా ఈ నిలిపివేత మధ్యలో వచ్చింది. ఇంటర్నెట్ ఆపే ఉత్తర్వు రాసేవారు అదే రోజు అదే జిల్లాలో పింఛను, రేషన్ యంత్రాలు ఎలా నడవాలో కూడా ఆ కాగితం మీదే రాయాలి. ఇది అసాధ్యమేమీ కాదు. 2010 తర్వాత ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఎనిమిది జిల్లాల్లో ఉపాధి కూలి, పింఛన్లకు స్మార్ట్ కార్డులు ఇచ్చినప్పుడు కార్తీక్ మురళీధరన్, పాల్ నీహౌస్, సందీప్ సుక్తాంకర్ మండలాలవారీగా పరీక్ష చేశారు. చెల్లింపులు త్వరపడ్డాయని, డబ్బు పక్కదారి పట్టడం తగ్గిందని తేల్చిన వారి పరిశోధన 2016లో అమెరికన్ ఎకనామిక్ రివ్యూలో వచ్చింది. వేలిముద్ర గుర్తింపు పేదవాడికి మేలు చేయగలదని చెప్పే గట్టి ఆధారాల్లో అది ఒకటి. అంతమాత్రాన ప్రతి వేలిముద్రా ప్రతిసారీ దూరపు సర్వర్‌ను అడిగి తీరాలని అది చెప్పడం లేదు.

అసలు కోనసీమను ఈ తీగకు కట్టింది కూడా రాష్ట్ర ప్రభుత్వమే. సఖినేటిపల్లి మండలంలోని మోరి గ్రామాన్ని 2016 డిసెంబర్‌లో స్మార్ట్ విలేజ్‌గా ప్రకటించి, ఇంటింటికీ ఫైబర్ కనెక్షన్ ఇచ్చే పథకానికి అక్కడే శ్రీకారం చుట్టారు. ఏడాది తిరిగేసరికి, 2017 డిసెంబర్ 27న, రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ఏపీ ఫైబర్‌నెట్‌ను ప్రారంభించారు. నెలకు 149 రూపాయలకే ఇంటర్నెట్, టీవీ, ఫోన్ అన్నారు. నేల తవ్వకుండా కరెంటు స్తంభాల మీదుగా తీగ లాగడంతో ఖర్చు బాగా తగ్గింది, ఊరి కేబుల్ ఆపరేటర్లే ఇళ్లకు కనెక్షన్లు ఇచ్చారు. ఆ పథకం టెండర్ల మీద తర్వాత సీఐడీ కేసులు, రాజకీయ ఆరోపణలు వచ్చాయి. వాటి నిజానిజాలు ఇక్కడి చర్చ కాదు. నాకు ముఖ్యంగా తోచేది వేరు. కనెక్షన్ ఇవ్వడం ప్రభుత్వ విధానమని గర్వంగా చెప్పుకున్నాం. ఆ కనెక్షన్ ఎప్పుడు, ఎవరు, ఏ నియమం ప్రకారం ఆపవచ్చో మాత్రం రాష్ట్ర విధానంలో ఒక పేరా కూడా కాలేదు.

రాష్ట్రం చేతుల్లో లేనిదేమిటో కూడా చూస్తే ఈ సమస్య ఎందుకు ఇంత మొరటుగా తయారైందో అర్థమవుతుంది. 2020 సెప్టెంబర్‌లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 1974 నాటి గేమింగ్ చట్టాన్ని సవరించి ఆన్‌లైన్ రమ్మీ, పోకర్‌లను నిషేధించింది. చట్టమైతే వచ్చింది గానీ యాప్‌లు ఫోన్లలో అలాగే ఉన్నాయి. అక్టోబర్‌లో ముఖ్యమంత్రి జగన్‌మోహన్ రెడ్డి 132 వెబ్‌సైట్లు, యాప్‌ల జాబితా జతచేసి, వాటిని అడ్డుకోవాలని కేంద్రమంత్రికి లేఖ రాయాల్సి వచ్చింది. ఎందుకంటే ఐటీ చట్టం 69ఏ సెక్షన్ కింద ఒక సైట్‌ను ఆపే అధికారం కేంద్రానిదే. ఒక్క జూదపు యాప్‌ను ఆపలేని రాష్ట్రం, ఒక జిల్లా ఇంటర్నెట్‌నంతా ఒక్క సంతకంతో ఆపగలదు. అల్లర్లు రేపే ఒక వేదికను మాత్రమే కొన్ని గంటలు ఆపే పద్ధతిని పరిశీలించాలని స్థాయీ సంఘం చేసిన సూచన ఇంకా సూచనగానే ఉంది. సన్న పనిముట్టు ఢిల్లీలో, మొద్దు పనిముట్టు అమరావతిలో ఉన్నంతకాలం వాడేది మొద్దు పనిముట్టునే. దానికి ఏ ముఖ్యమంత్రినో, ఏ పార్టీనో ప్రత్యేకంగా తప్పుపట్టి లాభం లేదు.

ఇంకొక లోపం పత్రికల దృష్టికి కూడా అంతగా రాలేదు. జిల్లా పేరు మీద అభ్యంతరాలు చెప్పుకోవడానికి మే 18 ప్రకటన 30 రోజుల గడువు ఇచ్చింది. ఆ 30 రోజుల్లో దాదాపు సగం రోజులు కోనసీమలో చాలాచోట్ల మొబైల్ ఇంటర్నెట్ లేదు. అభ్యంతరం కాగితం మీద రాసి కలెక్టరేట్‌లో ఇవ్వవచ్చు కాబట్టి హక్కు పూర్తిగా పోయిందనలేం. పేరును సమర్థించేవారికీ, వ్యతిరేకించేవారికీ ఇబ్బంది ఒక్కటే. అయినా ప్రజాభిప్రాయం అడిగిన వ్యవధిలోనే జనం మాట్లాడుకునే దారి మూసినప్పుడు, ఆ గడువును పొడిగించాలా అన్న ప్రశ్న సమీక్ష కమిటీ ముందు ఉండాల్సింది. జూన్ 24న మంత్రివర్గం ఆ పేరుకు ఆమోదం తెలిపింది. పేరు సరైనదే. సరైన నిర్ణయానికి సరైన పద్ధతి కూడా తోడైతే అది ఇంకా బలంగా నిలిచేది.

మీట రాష్ట్రం చేతిలో ఉంటే, తీగలో ప్రయాణించే మన వివరాలూ దాని చేతిలోనే ఉన్నాయి. ఇక్కడి రికార్డు అంత ధైర్యం ఇచ్చేది కాదు. 2018 ఏప్రిల్‌లో రాష్ట్ర గృహ నిర్మాణ సంస్థ వెబ్‌సైట్‌లో లక్షా 34 వేల మంది లబ్ధిదారుల ఆధార్ నంబర్లు కులం, మతం, బ్యాంకు వివరాలతో సహా ఎవరైనా చూసేలా పడి ఉన్నాయని పరిశోధకుడు శ్రీనివాస్ కొడాలి బయటపెట్టారు. 2019 ఎన్నికల ముందు తెలుగుదేశం పార్టీ సేవామిత్ర యాప్ మీద వచ్చిన ఆరోపణలు, 2023 జూలైలో ఏలూరు సభలో వాలంటీర్ల సమాచార సేకరణ మీద పవన్ కల్యాణ్ చేసిన ఆరోపణలు వేరే తరగతికి చెందుతాయి. అవి రాజకీయ వేడిలో వచ్చినవి. వాటిని రుజువులుగా వాడడం సరికాదు. అయితే యాభై ఇళ్లకొక వాలంటీరు చొప్పున సేకరించిన కుటుంబ వివరాలు ఎక్కడ ఉన్నాయి, ఎవరు తెరవగలరు, ఎంతకాలం ఉంచుతారు అనే ప్రశ్నలకు ఆరోపణలతో పని లేదు. ప్రభుత్వం ఒక విధాన పత్రం ప్రచురిస్తే అవి తీరిపోతాయి.

2025 జనవరి 30న మొదలైన మన మిత్ర వాట్సాప్ పాలన ఈ మీటనూ, మన వివరాలనూ ఒక్కచోట కలిపింది. తొలి విడతలోనే 161 సేవలు. కాకినాడకో రాజమహేంద్రవరానికో బస్సు ఎక్కకుండా ధ్రువపత్రం ఫోన్‌లోకి రావడం చిన్న మేలు కాదు, దాన్ని తక్కువ చేసి మాట్లాడడం తగదు. కానీ రేపు మళ్లీ ఎక్కడైనా డేటా ఆగితే ఈ సేవలన్నీ ఆగుతాయి. 2022లో ఆ మీటకు ఉన్న బరువు ఇప్పుడు చాలా పెరిగింది. ఇక వివరాల రక్షణ. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టానికి నిబంధనలు 2025 నవంబర్‌లో వచ్చాయి, ప్రధాన బాధ్యతలు అమల్లోకి రావడానికి 18 నెలల గడువు ఉంది. ఆ చట్టం రాయితీలు, పథకాల కోసం ప్రభుత్వాలకు విశాలమైన వెసులుబాటే ఇచ్చింది. గడువు తీరేదాకా ఆగమని చట్టం చెప్పలేదు. రాష్ట్రం తనంతట తాను ముందే ఆ ప్రమాణాలు పాటిస్తానని జీవో ఇవ్వవచ్చు.

నిలిపివేతల విషయంలో నియమాలు కొంత మెరుగయ్యాయి. 2023 టెలికమ్యూనికేషన్ల చట్టం కింద 2024 నవంబర్ 22న వచ్చిన కొత్త నిబంధనలు ఉత్తర్వును ప్రచురించి తీరాలని, అందులో కారణాలు, ప్రాంతం, వ్యవధి స్పష్టంగా ఉండాలని చెబుతున్నాయి. సమీక్ష కమిటీలో మాత్రం ఇప్పటికీ అందరూ అధికారులే. విశ్రాంత న్యాయమూర్తులను, ప్రజాప్రతినిధులను చేర్చాలన్న స్థాయీ సంఘం సిఫార్సు అమలు కాలేదు. ఉత్తర్వు ఇచ్చిన ప్రభుత్వమే దాన్ని సమీక్షిస్తే ఆ సమీక్ష ఎవరికీ భరోసా ఇవ్వదు.

రాష్ట్ర హోంశాఖ చేయదగ్గ పని ఒకటి ఉంది, దానికి కొత్త చట్టం అక్కర్లేదు. 2017 నుంచి ఇప్పటివరకు రాష్ట్రంలో ఇచ్చిన ప్రతి నిలిపివేత ఉత్తర్వును, పొడిగింపును, దాని మీద సమీక్ష కమిటీ రాసిన నిర్ణయాన్ని తేదీలవారీగా ఒక్కచోట పెట్టాలి. అందులో కోనసీమ కాగితాలు ముందుండాలి. అవి చేతికి వస్తే, మే 24 రాత్రి తీసుకున్న నిర్ణయం సబబేనా, రెండో వారం దాకా దాన్ని సాగదీయడం అవసరమేనా అన్నవి రెండు వేరువేరు ప్రశ్నలుగా విడదీసి ఎవరైనా తేల్చవచ్చు. మొదటిదానికి అవునని, రెండోదానికి కాదని జవాబు రావచ్చునని నా అంచనా. కాగితాలు చూశాక అది మారితే మార్చుకోవాల్సిందే.

ప్రభుత్వం తనంతట పెట్టకపోతే అడిగే హక్కు డెల్టాలో ప్రతి పౌరుడికీ ఉంది. డేటా రక్షణ చట్టం సమాచార హక్కులోని వ్యక్తిగత వివరాల నిబంధనను బిగించింది గానీ, నిలిపివేత ఉత్తర్వు ఎవరి వ్యక్తిగత వివరమూ కాదు. దరఖాస్తులో మూడు అడగండి: మే 24 నుంచి జారీ అయిన ఉత్తర్వుల నకళ్లు, సమీక్ష కమిటీ సమావేశాల తేదీలు, ఆ కమిటీ నమోదు చేసిన నిర్ణయాలు. సచివాలయంలోని హోంశాఖ ప్రజా సమాచార అధికారికి పంపాలి. ఫీజు 10 రూపాయలు, జవాబు ఇవ్వడానికి చట్టం పెట్టిన గడువు 30 రోజులు.